పండగకి పిల్లలకు ఇద్దామని బొమ్మల పెట్టె పెట్టాం, వచ్చినవి చూస్తే ఇవ్వబుద్ధి కావట్లేదు. ఏం చెయ్యమంటారు?

వెన్నెలమెట్టు | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో పదకొండు మందిమి కలిసి, పండగకి కొత్త బొమ్మ కొనే స్తోమత లేని ఇళ్ళ పిల్లలకు బొమ్మలు ఇవ్వాలనుకున్నాం. రెండు వారాల కిందట మెట్ల దగ్గర పెద్ద అట్టపెట్టె పెట్టి, "మీ ఇంట్లో వాడని బొమ్మలుంటే ఇందులో వెయ్యండి" అని కాగితం అంటించాం. పెట్టె తొందరగానే నిండింది. నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక నేల మీద దుప్పటి పరిచి అన్నీ బయటికి తీశాను.

చక్రం ఊడిన కారు. సగం ముక్కలే ఉన్న పజిల్. జుట్టు కత్తిరించేసిన బొమ్మ, దాని చెంప మీద పెన్ను గీతలు. చెవి దగ్గర కుట్టు విడిపోయి దూది బయటికొచ్చిన కుందేలు. వాటి మధ్యలో సీలు కూడా విప్పని రంగు పెన్సిళ్ళ డబ్బా ఒకటి. మొత్తం 64. ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, "ఇది మా పాప పుట్టినరోజుకి ఇస్తానా?" అని నన్ను నేనే అడుక్కుంటూ వేరు చేస్తే 19 మిగిలాయి.

పిల్లలు 40 మంది. మూడేళ్ళ వాళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళ దాకా ఉన్నారు. పండగ ఇంకా మూడు వారాలే. టెన్షన్‌గా ఉంది. తెచ్చినవాళ్ళు మంచి మనసుతోనే తెచ్చారు, వాళ్ళని నొప్పించలేను. అలాగని ఆ కుందేలుని ఒక చిన్నపిల్ల చేతిలో పెట్టనూ లేను. ఇంతకుముందు ఇలాంటివి చేసినవాళ్ళెవరైనా దారి చెప్పండి.

ఇద్దరమ్మాయిలనాన్న | శనివారం, రాత్రి 9:32

మంచి పని తలపెట్టారండీ. నాకైతే అంత మథనపడక్కర్లేదనిపిస్తోంది. అసలు బొమ్మే లేని ఇంట్లో చక్రం లేని కారైనా కారే కదా. మా అన్న ఆడి వదిలేసిన బొమ్మలతోనే నేను పెరిగాను, నాకెప్పుడూ లోటనిపించలేదు. కడిగి, తుడిచి ఇచ్చెయ్యండి. పిల్లలు మనలాగా లెక్కలు వెయ్యరు.

కాగితంపడవ | శనివారం, రాత్రి 11:05

పిల్లలు లెక్కలు వేస్తారండీ. నేను వేశాను, అందుకే రాస్తున్నాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు పండగ ముందు ఎవరో వచ్చి మా వీధి పిల్లలకు బొమ్మలు పంచారు. వేదిక కట్టారు, మైకు పెట్టారు, పేరు పిలిస్తే పైకెక్కి తీసుకోవాలి. నాకు ఎర్ర బస్సు వచ్చింది. ఇంటిదాకా పరుగెత్తాను. ఇంటికొచ్చి తిరగేసి చూస్తే అడుగున, రెండు చక్రాల మధ్య, కంపాస్ ముల్లుతో గీకిన పేరు కనిపించింది. మా క్లాసులో నా ముందు బెంచీలో కూర్చునే అబ్బాయి పేరు, ఇంటిపేరు మొదటి అక్షరంతో సహా.

ఆ తర్వాత బస్సుని వీధిలోకి తీసుకెళ్ళలేదు. కానీ ఒకరోజు వాడే మా ఇంటివైపు వచ్చి గుమ్మంలో దాన్ని చూశాడు. చెడ్డవాడేం కాదు. "అది నాదే. దాని వెనక తలుపు తెరుచుకోదు, చూశావా?" అన్నాడు, అంతే. నాకు జాగ్రత్త చెబుతున్నట్టే అన్నాడు. ఆ రాత్రి ఆ పేరు మీద దెబ్బలకి వేసే ప్లాస్టర్ అంటించాను. కొన్నాళ్ళకి దాని అంచు లేచిపోయింది. అమ్మ చూసింది. ఏమీ అడగలేదు. పాతది పీకేసి కొత్తది అంటించింది.

అన్న బొమ్మతో తమ్ముడు ఆడుకోవడం వేరు. అది మనింటి బొమ్మ. ఇంకొకరింట్లో అక్కర్లేనిదై మన చేతికి రావడం వేరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు వేదిక ముందు, వెనక వరసలో మా నాన్న నిలబడి ఉన్నారు. చప్పట్లు కొట్టమన్నప్పుడు ఆయనా కొట్టారు. అప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నాకిప్పటికీ గుర్తే. మీరు ఏ బొమ్మ ఇచ్చినా సరే, అమ్మానాన్నల చేతికే ఇవ్వండి. ఇంట్లో వాళ్ళే పిల్లలకి ఇచ్చుకుంటారు.

ఇద్దరమ్మాయిలనాన్న | ఆదివారం, ఉదయం 6:50

లేవగానే చదివాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా అన్న నాకు బొమ్మ ఇచ్చేటప్పుడు పక్కనే కూర్చుని దాన్నెలా నడపాలో చూపించేవాడు. ఆ సంగతి మర్చిపోయి రాశాను. మీ నాన్నగారి గురించి చదువుతుంటే కళ్ళు చెమర్చాయి.

లెక్కలపుస్తకం | ఆదివారం, ఉదయం 8:15

వెన్నెలమెట్టు గారూ, నేను కొన్నేళ్ళుగా ఈ పండగ బొమ్మల పని చూస్తున్నాను. పాతవా కొత్తవా అన్న ప్రశ్న మీ ఒక్కరిదే కాదు. అమెరికాలో మెరైన్ రిజర్వు సైనికులు, అంటే మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ అప్పుడప్పుడు శిక్షణకి వెళ్ళే సైనికులు, నడిపే 'టాయ్స్ ఫర్ టాట్స్' అనే బొమ్మల పంపకం ఉంది. 1947లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. బిల్ హెండ్రిక్స్ అనే రిజర్వు మేజర్‌కి ఆయన భార్య డయాన్ చేత్తో చేసిన గుడ్డబొమ్మ ఇచ్చి, లేనివాళ్ళ పిల్లలకు బొమ్మలిచ్చే సంస్థ ఎక్కడుందో చూసి ఇచ్చి రమ్మంది. ఆయన వెతికితే అలాంటిది దొరకలేదు. అయితే మీరే ఒకటి మొదలుపెట్టండి అంది. ఆ క్రిస్మస్‌కి 5,000 బొమ్మలు పంచారు. మరుసటి ఏడాదే దేశమంతా పాకింది.

మనకి కావలసింది ఆ తర్వాతి సంగతి. 1979 దాకా వాళ్ళు పాత బొమ్మలూ తీసుకునేవాళ్ళు. శిక్షణకి వచ్చిన శని, ఆదివారాల్లో సైనికులే కూర్చుని వాటిని బాగుచేసేవాళ్ళు. 1980 నుంచి కొత్తవే తీసుకుంటున్నారు. శిక్షణ మధ్య బాగుచేసే తీరిక దొరకకపోవడం ఒక కారణం. పాత బొమ్మతో పిల్లలకేదైనా అయితే ఎవరిది బాధ్యత అన్నది ఇంకోటి. వీటితో పాటు మూడోది కూడా చెప్పారు. నీకూ విలువుంది అని ఆ పిల్లకి తెలియాలనే కదా ఈ పనంతా, ఒకరు వాడి వదిలేసింది చేతిలో పెడితే పిల్లకి అందే మాట వేరుగా ఉంటుంది. ముప్ఫై ఏళ్ళకి పైగా పాత బొమ్మలు పంచినవాళ్ళే ఈ నిర్ణయానికొచ్చారు కాబట్టి నేను దీన్ని గట్టిగా నమ్ముతాను.

మా పద్ధతి ఇది. బొమ్మల్ని వయసుల వారీగా బల్లల మీద సర్దుతాం. లోపలికి తల్లిదండ్రులే వస్తారు, పిల్లల్ని తీసుకురావద్దని ముందే చెప్తాం. తమ బిడ్డకి ఏది నచ్చుతుందో వాళ్ళకి తెలిసినట్టు మనకెలా తెలుస్తుంది? నచ్చింది తీసుకుని, లోపలిది కనబడని సంచిలో పెట్టుకుని వెళ్తారు. మేం ప్యాక్ చెయ్యం. రంగు కాగితం, టేపు సంచిలో వేస్తాం, అంతే. మొదటి ఏడాది మాత్రం రాత్రంతా కూర్చుని అన్నీ ప్యాక్ చేశాం. మర్నాడు ఒకావిడ తీసుకుని వెళ్తూ గుమ్మం పక్కన ఆగింది. కాగితం చిరగకుండా గోటితో టేపు మెల్లగా లేపుతోంది. ఏమైందమ్మా అంటే, "లోపలేముందో నాకే తెలియకపోతే నేనిచ్చానని వాడికి ఎలా చెప్పను?" అంది. అప్పటి నుంచి ప్యాకింగ్ వాళ్ళకే వదిలేశాం.

చిన్నక్షరం | ఆదివారం, ఉదయం 8:40

లోపలిది కనబడని సంచి ఆలోచన చాలా బాగుంది. నా ప్రశ్న ఒకటే. డబ్బులిచ్చినవాళ్ళు ఫోటోలు అడుగుతారు కదా, వాళ్ళకేం చెప్పాలి?

లెక్కలపుస్తకం | ఆదివారం, ఉదయం 8:52

బల్లల మీద సర్దిన బొమ్మల ఫోటో తీసి పంపండి. తలుపులు తెరవక ముందే తియ్యండి. ఎన్ని కొన్నాం, ఎన్ని ఇచ్చాం, లెక్క రాసి దానితో పెట్టండి. మమ్మల్ని ఇంతవరకూ ఎవరూ అంతకన్నా అడగలేదు.

కాగితంపడవ | ఆదివారం, ఉదయం 9:03

పిల్లల మొహాలు మాత్రం వద్దు. ప్లీజ్.

స్క్రూడ్రైవర్ | ఆదివారం, ఉదయం 10:40

నేను పాడైన బొమ్మలు బాగుచేస్తుంటాను, అదే నా ఇష్టమైన పని. పక్కన పెట్టిన ఆ 45 బొమ్మల తరఫున ఒక మాట. వాటిని చెత్తలో వెయ్యకండి. ఒక చెడిపోయిన కారు చక్రం ఇంకో కారుకి సరిపోతుంది. కుందేలు చెవికి కావలసింది పది కుట్లు. ప్లాస్టిక్ బ్లాకులు గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి ఎండలో ఆరబెడితే కొత్తవాటిలా ఉంటాయి. బ్యాటరీ బొమ్మల్ని మాత్రం నీళ్ళలో ముంచకండి, సెల్స్ తీసి తడిగుడ్డతో తుడవండి. మెత్తటి బొమ్మలు పైకి ఆరినట్టే ఉంటాయి, లోపల దూది తడిగా ఉండి బూజు పడుతుంది. చేత్తో గట్టిగా నొక్కి చూసి లోపలిదాకా ఆరాకే ఎత్తిపెట్టండి. పెచ్చులు ఊడుతున్న పాత రంగు ఉన్నవి మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

అయితే బాగుచేసినవాటిని పండగ కానుకగా ఇవ్వకండి. కాగితంపడవ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. వాటితో బొమ్మల లైబ్రరీ పెట్టండి. పుస్తకం లాగే తీసుకెళ్ళడం, ఆడుకుని తిరిగివ్వడం, ఇంకోటి తీసుకెళ్ళడం. ఇదీ పాత ఆలోచనే, 1935లోనే లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది, మహా మాంద్యం రోజుల్లో, జనానికి పనుల్లేక డబ్బుకి కటకటలాడినప్పుడు. ఉన్నవాళ్ళ పిల్లలూ, లేనివాళ్ళ పిల్లలూ ఒకే అల్మారాలోంచి తీసుకుంటారు. లైబ్రరీ పుస్తకం నలిగి ఉంటే ఎవరం చిన్నబుచ్చుకోం కదా, బొమ్మ కూడా అంతే.

తమ్ముడూ, ఆ బస్సు ఇంకా ఉందా?

తెల్లకోటు | ఆదివారం, మధ్యాహ్నం 2:20

నేను పిల్లల వార్డులో నర్సుని. బొమ్మలు కొత్తవైనా పాతవైనా, ఇచ్చే ముందు ఈ నాలుగు ముక్కలూ చదవండి.

అన్నిటికన్నా నాకు భయం బటన్ సెల్స్ అనే చిన్న బ్యాటరీలంటే. చొక్కా గుండీ అంత గుండ్రంగా, మెరుస్తూ ఉంటాయి. పిల్లలు మింగితే అవి గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుంటాయి, అక్కడి తడి తగిలి రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చెయ్యగలవు. పైకి ఏమీ కనబడదు, కాస్త చొంగ కారుస్తారు, తిండి వద్దంటారు, అంతే. పండగ మర్నాడు మా వార్డుకి ఒక బాబుని తెచ్చారు. బొమ్మ వాడిది కాదు, వాళ్ళక్కది. వాళ్ళమ్మ ఆ బొమ్మని చేతిలోనే పట్టుకుని వచ్చింది, మూత వేళ్ళాడుతోంది. బాబు బతికాడు, కానీ మళ్ళీ మామూలుగా మింగడానికి చాలా నెలలు పట్టింది. అందుకే చెప్తున్నాను, బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉందో లేదో ప్రతి బొమ్మనీ తిప్పి చూడండి. గోటితో తెరుచుకుంటే పక్కన పెట్టెయ్యండి. ఎవరైనా మింగారని అనుమానం వచ్చినా సరే, ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తమని చెప్పండి.

చిన్న చిన్న అయస్కాంతాలున్న ఆటసామాను అసలు తీసుకోవద్దు. రెండు మింగితే పేగు మడతలకి అటూ ఇటూ చేరి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో పేగు నలిగి చిల్లు పడుతుంది. బెలూన్లు కూడా సరదాగా సంచిలో వెయ్యకండి. పగిలిన రబ్బరు ముక్క గొంతుకి అతుక్కుంటే తియ్యడం మాకే కష్టం.

మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి ఒక చిన్న గొట్టం వాడతారు, దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టేసే ముక్క ఆ వయసు పిల్లల చేతికి పనికిరాదు. ఇంట్లో అయితే టిష్యూ రోల్ అయిపోయాక మిగిలే అట్టగొట్టంతో చూడండి. అది కొంచెం వెడల్పే, కాబట్టి మనం ఇంకాస్త జాగ్రత్తగా ఉన్నట్టు. అన్నట్టు, ఎనిమిదేళ్ళ పాపకి ఇచ్చే బొమ్మ ఆ ఇంట్లో ఏడాది తమ్ముడి చేతికీ అందుతుంది. ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఉన్నారా అని ముందే అడిగి రాసుకోండి.

వెన్నెలమెట్టు | ఆదివారం, సాయంత్రం 5:30

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. ఇప్పుడే 19 బొమ్మల్నీ తిప్పి చూశాను, రెండింటికి మూత గోటితో తెరుచుకుంది. తెల్లకోటు గారూ, వాటిలో ఒకటి మా ఇంటి నుంచి నేను తీసుకెళ్ళిందే.

అంటే 17. వాటిలో సీలు విప్పని కొత్తవి ఆరే. 40 మందికీ కొత్తవే ఇవ్వాలనుకుంటే డబ్బు కావాలి. అదెలాగో రేపు ఆఫీసులో మాట్లాడతాను.

ఇద్దరమ్మాయిలనాన్న | ఆదివారం, సాయంత్రం 6:05

డబ్బు కొద్దిగానే ఉన్నప్పుడు బొమ్మల మీదే పెట్టాలా? బట్టలో, పుస్తకాలో, బూట్లో అయితే ఏడాదంతా పనికొస్తాయి కదా. పిల్లల మంచికే అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు.

మూడోబల్ల | ఆదివారం, రాత్రి 8:30

అన్నా, నేను బడిలో పాఠాలు చెప్తాను. బట్టలూ, పుస్తకాలూ కావాలి, కాదనను. కానీ అవి ఏడాది పొడుగునా అందాల్సినవి, పండగ రోజున బొమ్మకి బదులుగా ఇచ్చేవి కావు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం అచ్చంగా దీని గురించే. విశ్రాంతి, ఆట పిల్లల హక్కు అని రాసి ఉంది. సెలవుల తర్వాత మొదటి రోజు క్లాసులో పిల్లలు ఒకర్నొకరు అడిగేది "నీకేమొచ్చింది?" అనే. బూట్లొచ్చాయి అని చెప్పిన పిల్లని చూశాను. చెప్పి, పుస్తకం తెరిచి కూర్చుంది.

నాకు ఇంకో బెంగ ఉంది. 12, 13, 14 ఏళ్ళ వాళ్ళు. ఏ పంపకంలో చూసినా చిన్నపిల్లల బొమ్మలు కుప్పలుగా ఉంటాయి, వీళ్ళ దగ్గరికొచ్చేసరికి ఏమీ ఉండవు. పోయినేడు మా బడిలో పదమూడేళ్ళ అబ్బాయికి గిలక ఇచ్చారు, పసిపిల్లలు ఆడుకునేది. వాడు థాంక్స్ చెప్పి తీసుకుని, పక్క ఇంటి పాపకి ఇచ్చొచ్చాడు. ఆ వయసు వాళ్ళకి ఫుట్‌బాల్ ఇవ్వండి, దానితో పాటు గాలి కొట్టే పంపు కూడా ఇవ్వండి, లేకపోతే నెలలో మూల పడుతుంది. చెస్ బోర్డు, మంచి స్కెచ్‌బుక్కు, చేతి గడియారం, హెడ్‌ఫోన్స్, ఇవన్నీ వాళ్ళు ఇష్టపడతారు. నలుగురు కలిసి ఆడే బోర్డు గేమ్ అయితే ఇల్లంతా కూర్చుంటుంది.

అన్నిటికన్నా నయం, ఏం కావాలో అడగడం. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ వాళ్ళు 1979లో అమెరికాలోని వర్జీనియాలో 'ఏంజెల్ ట్రీ' మొదలుపెట్టింది ఇలాగే. ఒక్కో పిల్లకి కావలసింది ఒక్కో కార్డు మీద రాసి చెట్టుకి తగిలించారు, దారినపోయేవాళ్ళు ఒక కార్డు తీసుకుని అది కొనిచ్చారు.

లెక్కలపుస్తకం | ఆదివారం, రాత్రి 9:15

అడగడం మంచిదే, కానీ మూడోబల్ల గారూ, అడిగి తేలేకపోతే ఆ బాధ అడగకపోవడం కన్నా పెద్దది. మేం ఒకసారి పిల్లలందరినీ నేరుగా అడిగాం. తొమ్మిది మంది సైకిల్ అన్నారు. ఒక్కటీ ఇవ్వలేకపోయాం. ఇప్పుడు అమ్మానాన్నల్నే అడుగుతాం. మేం తేగలిగినవి మూడు రకాలు చెప్పి, అందులో ఏదో చెప్పమంటాం.

మూడోబల్ల | ఆదివారం, రాత్రి 9:22

మీరన్నది నిజమే. నేరుగా పిల్లల్ని అడిగితే అది మాటిచ్చినట్టే అవుతుంది. అమ్మానాన్నల్ని అడగడమే సరి.

దారిలోచెట్టు | సోమవారం, ఉదయం 7:10

ఒక్క మాట. మా పాపకి చూపు లేదు. ఎవరు కానుకిచ్చినా రంగుల పుస్తకాలో, మెరిసే దీపాల బొమ్మలో వస్తాయి. దానికి కావలసింది చేత్తో తడిమితే తెలిసేవి, గలగలమనేవి. ఒకసారి లోపల గంట ఉన్న బంతి వచ్చింది. అది దొర్లిన వైపల్లా చెవి పెట్టి వెళ్ళి పట్టుకునేది, సాయంత్రం దాకా వదల్లేదు. మీ 40 మందిలో చూపు, వినికిడి, నడక ఇబ్బంది ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కోండి. చేతుల్లో బలం తక్కువ ఉన్న పిల్లలకి పెద్ద మీట నొక్కితే ఆడే బొమ్మలుంటాయి. ఇవ్వాలనుకున్నప్పుడే ఒక్కసారి ఆ ఇంటికి ఫోన్ చేస్తే చాలు, అమ్మలు చెప్తారు.

వెన్నెలమెట్టు | మంగళవారం, రాత్రి 10:15

పెట్టె మీద కాగితం మార్చేశాను. ఇప్పుడు "ఒక బిడ్డకి ఒక కొత్త బొమ్మ. ఏ వయసుకి, ఏ బొమ్మ అన్నది జాబితాలో ఉంది, ఒక వరస ఎంచుకోండి" అని రాశాం. పాత బొమ్మలు తెచ్చినవాళ్ళకి ఒక్కొక్కరికీ నేనే వెళ్ళి, మీ బొమ్మలతో మన మెట్ల కిందే బొమ్మల లైబ్రరీ పెడుతున్నాం, ఆదివారం కుట్టడానికి, కడగడానికి వస్తారా అని అడిగాను. ఎవరూ నొచ్చుకోలేదు. కుందేలు తెచ్చిన ఆవిడే సూదీ దారం తెస్తానంది. 40 ఇళ్ళకీ ఫోన్లు చేస్తున్నాం. దారిలోచెట్టు గారూ, ఒక బాబుకి వినబడదట. మీరు చెప్పకపోతే వాడికి పాటలు పాడే బొమ్మ వెళ్ళేది.

వెన్నెలమెట్టు | మూడు వారాల తర్వాత, రాత్రి 11:40

ఈ రోజు ఇచ్చేశాం. జాబితాలో మూడు వరసలు చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి, మూడూ పన్నెండు దాటిన పిల్లలవే. మూడోబల్ల గారు ముందే చెప్పారు. పదకొండు మందిమి పంచుకుని అవి కొన్నాం. వినబడని బాబు వాళ్ళ నాన్న బల్ల మీద గేర్ల చక్రాల సెట్టు చూసి, ఒక చక్రం తిప్పి, మిగతావి తిరుగుతుంటే అలా నిలబడిపోయారు. అదే తీసుకెళ్ళారు.

చివర్లో ఒకావిడ వచ్చింది. డాక్టర్ బొమ్మల సెట్టు ఎంచుకుంది. పెట్టెని అటూ ఇటూ తిప్పి అడుగున కూడా చూసింది. "దీని మీద ఎక్కడా ఎవరి పేరూ లేదు కదమ్మా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే సరే, నేను కొన్నాననే చెప్తాను" అని సంచి మడిచి చంకలో పెట్టుకుంది. కాగితంపడవ గారూ, ఆ మాట వినగానే మీరే గుర్తొచ్చారు.

స్క్రూడ్రైవర్ | మూడు వారాల తర్వాత, రాత్రి 11:58

చాలా సంతోషం అమ్మా. లైబ్రరీకి ఏదైనా బాగుచెయ్యాల్సి వస్తే పంపండి, నేను చూస్తాను. తమ్ముడూ, నేనడిగినదానికి నువ్వు జవాబివ్వలేదు.

కాగితంపడవ | మర్నాడు, ఉదయం 6:15

ఉందన్నా. అమ్మ దగ్గర ఇనప్పెట్టెలో ఉంది. నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగితే తీసి చూసింది. ప్లాస్టర్ ఇంకా అలాగే ఉందట. వచ్చే నెల ఇంటికి వెళ్తున్నాను, తెస్తాను. వెనక తలుపు తెరుచుకునేలా చెయ్యగలవా?